శాసనసభలో నొక విశ్వాసి: విలియం విల్బర్‌ఫోర్సు

రాజకీయములు బురదగుంట వంటివనియు, అందు కాలిడిన విశ్వాసి మైలపడక వెలుపలికి రాడనియు మన సంఘములలో పెద్దలనేకులు చెప్పుచుందురు. ఎన్నికల దినములలో ఈ మాట మరింత హెచ్చుగా వినవచ్చును. మరికొందరట్లు గాక, ప్రభుత్వమువలన మనవారికి రావలసిన యుద్యోగములను, మేళ్లను రాబట్టుకొనుటయే క్రైస్తవుని రాజకీయమని తలంతురు. ఈ రెండు మాటలను ఇంటను, బడిలోను విన్న మా పై తరగతుల విద్యార్థులు వీనిలో నేది సరియని మమ్మడుగుచుందురు. అట్టివారికి తర్కముకంటె నొక మనుష్యుని జీవితమే తగిన జవాబగునని తోచి, ఇంగ్లాండు దేశపు పార్లమెంటులో సుమారు నలుబదియైదు సంవత్సరములు సభ్యుడుగా నుండిన విలియం విల్బర్‌ఫోర్సుగారి చరిత్రను ఇచ్చట సంగ్రహముగా వ్రాయుచున్నాము. కొరతలను దాచి గుణములను మాత్రమే చెప్పు చరిత్రలు మాకు బాల్యముననే విసుగు పుట్టించెను. కావున ఆయన కొరతలను గూడ చెప్పెదము.

విల్బర్‌ఫోర్సు 1759వ సంవత్సరము ఆగస్టు 24వ తేదీన యార్కుషైరులోని హల్ అను రేవుపట్టణమున జన్మించెను. తండ్రి రాబర్టు బాల్టికు సముద్రతీర దేశములతో వర్తకము చేయు సంపన్న కుటుంబమువాడు. ఆఫ్రికానుండి మనుష్యులను కొనిపోయి అమ్ము వ్యాపారము లివర్‌పూలు, బ్రిస్టలు, లండను రేవులవారిది. హల్ వర్తకులకు దానితో పని లేకుండెను. ఇది చిన్న సంగతివలె కనబడును గాని, తరువాతి కాలమున ఆయన నోటికి తాళము వేయగల వర్తకులు సొంత యూరిలో లేకుండుట గొప్ప మేలయ్యెను.

బాలునికి తొమ్మిదవ యేట తండ్రి మరణించెను. అంతట నతనిని లండనునకు సమీపమున వింబుల్డనులో తండ్రి సోదరుని యింట నుంచిరి. ఆ యింటి యిల్లాలు హన్నా సువార్త బోధకులయందు మిక్కిలి గౌరవము గలది. ఒకప్పుడు బానిసల ఓడకు కప్తానుగా నుండి, మారుమనస్సు పొంది, బోధకుడైన జాను న్యూటనుగారి పరిచయము బాలునికి అచ్చటనే కలిగెను. బాలుడాయనను తండ్రివలె చూచుకొనెను. అయితే కుమారుడు మెథడిస్టులలో కలిసిపోవునని తల్లి భయపడి 1771లో అతనిని హల్‌నకు మరల తీసికొనిపోయెను. నాటకములు, నాట్యములు, పేకాట, రాత్రి విందులు మొదలగువానిచే ఆమె కోరిన ఫలము త్వరలోనే కలిగెను. చిన్ననాటి భక్తి యడుగంటెను.

1776లో కేంబ్రిడ్జిలోని సెంటు జాన్సు కళాశాలలో చేరెను. అప్పటికే విస్తారమైన యాస్తి చేతికి వచ్చెను గనుక చదువుకంటె పాటకును, మాటకును, స్నేహితులకును ఎక్కువ కాలము వినియోగించెను. 1780లో, ఇరువదియొక్క సంవత్సరములు నిండిన కొలది దినములకే, హల్ తరఫున పార్లమెంటునకు ఎన్నికయ్యెను. ఆ యెన్నికకైన వ్యయము ఎనిమిదివేల పౌనులకు పైమాట. వోటునకు రెండు గినీల చొప్పున చెల్లించుట ఆ యూరి యాచారము. ఆయన దానిని పాటించెను. ఇది చదివి నవ్వువారు మన యూళ్ల యెన్నికలను గూడ నొకసారి తలంచుకొందురు గాక.

ఆయనతో నొకే సంవత్సరమున పుట్టిన విలియం పిట్టు 1783 డిసెంబరులో ఇరువదినాలుగవ యేట ప్రధానమంత్రి యయ్యెను. వీరిరువురు ప్రాణమిత్రులు. 1784 మార్చిలో యార్కు కోట ఆవరణమున జరిగిన మహాసభలో విల్బర్‌ఫోర్సు పిట్టు పక్షమున ప్రసంగించెను. ఆయన మిక్కిలి పొట్టివాడు, బలహీనుడు. చలిగాలిలో బల్లమీద నిలిచిన ఆ చిన్న ఆకారమును చూచి మొదట నవ్వినవారు, ఆ కంఠమాధుర్యమును వినుకొలది ఆయన యెత్తు మరచిపోయిరి. ఆ ప్రసంగ ఫలితముగా, దేశములోని పెద్ద నియోజకవర్గములలో నొకటియగు యార్కుషైరు ఆయనను తన ప్రతినిధిగా నెన్నుకొనెను. ఇరువదియైదేండ్లు నిండకమునుపే ఇంత పలుకుబడి సంపాదించిన ఆయనకు మంత్రిపదవి దూరముగా లేదని అందరును తలంచిరి.

ఇట్టి కాలమున దేవుడాయన దారి మరల్చెను. 1784 చివరను, 1785లోను తల్లితోను, సహోదరితోను ఐరోపా ఖండమున సంచారము చేయుచు, తనకు తోడుగా ఐజాకు మిల్నరు అను కేంబ్రిడ్జి పండితుని తీసికొనిపోయెను. బండిలో కాలక్షేపమునకై ఫిలిప్ డాడ్రిడ్జి వ్రాసిన భక్తిగ్రంథము నొకదానిని వారిద్దరు చదివిరి. మరుసటి ప్రయాణమున గ్రీకు క్రొత్త నిబంధనను చదివిరి. ఇంటికి మరలునప్పటికి ఆయన మనస్సు కలత పడియుండెను. తాను కాలమును, ధనమును, వాక్శక్తిని ఎట్లు పాడుచేసెనో తలంచుకొని సిగ్గుపడెను. తెల్లవారుజామున లేచి ప్రార్థింప నారంభించెను.

అప్పుడు మనము మొదట చెప్పిన ప్రశ్నయే ఆయన యెదుటకు వచ్చెను. క్రీస్తునకు చెందినవాడు పార్లమెంటులో నుండవచ్చునా? ఆ దినములలో భక్తిపరులగువారు రాజకీయములను విడిచి ఏకాంతముగా నుండుటో, బోధకులగుటో మేలని పలువురి యభిప్రాయము. ఆయనకును అట్లే తోచెను. పిట్టునకు ఉత్తరము వ్రాసి సంగతి తెలిపెను. స్నేహితుడు లోకమునకు పనికిరాకుండ పోవునేమోయని పిట్టు మిక్కిలి ఆందోళనపడి, క్రైస్తవ ధర్మము మనుష్యుని పనిలోనికి నడిపించునది గాని పనినుండి తప్పించునది గాదని బదులు వ్రాసెను. పిట్టు భక్తుడని పేరు పొందినవాడు కాడు. అయినను ఆ యుత్తరములోని యాలోచన సరియైనదే.

ఆయనకు నెమ్మది కలుగలేదు. చిన్ననాటి న్యూటనుగారు జ్ఞాపకమునకు వచ్చెను. అప్పటికి న్యూటను లండనులో బోధకుడుగా నుండెను. పార్లమెంటు సభ్యుడొకడు అట్టి బోధకుని యింటికి పోవుట నవ్వులపాలగు కాలమది. కావున రహస్యముగా కలిసికొనుట కనుమతి వేడుచు ఉత్తరము వ్రాసి, 1785 డిసెంబరు 7వ తేదీన బయలుదేరెను. ఆ యింటి ముందరి చౌకము చుట్టు రెండుమారులు తిరిగిన పిమ్మట గాని తలుపు తట్టుటకు ధైర్యము రాలేదు. న్యూటనుగారు ఆయనను రాజకీయములనుండి పిలిచి తన పక్షమున చేర్చుకొనగోరియుండినచో అది యెంతో సులభమైన పని. పేరుగాంచిన యువకుడు తన సంఘమునకు వచ్చినచో ఏ బోధకుడు సంతోషింపడు? కాని ఆయన అట్లు చేయలేదు. ఉన్న స్నేహితులను విడువవద్దనియు, ఉన్న స్థానముననే నిలిచి దేవుని సేవింపవలెననియు బోధించెను. సంఘ సేవకులమగు మేమును, పాఠశాలలయందలి తక్కిన పెద్దలును న్యూటనుగారి ఈ యాలోచనను తరచుగ తలంచుకొనవలెను. తెలివిగల బాలుడొకడు కనబడినతోడనే అతనిని బోధకుని చేయవలెనని తొందరపడుట మనకు అలవాటు.

విల్బర్‌ఫోర్సు తన స్థానముననే నిలిచెను గాని పూర్వపు మనుష్యుడుగా నిలువలేదు. పేకాట జరుగు క్లబ్బులనుండి తన పేరు కొట్టివేయించుకొనెను. వివాహము కాకపూర్వము ఆదాయమున నాలుగవ వంతుకు తక్కువ గాకుండ బీదల కిచ్చుచుండెను. ఏ పక్షమునకును కట్టుబడక ప్రతి విషయమును దాని న్యాయమునుబట్టి విచారించి వోటు చేయ నిశ్చయించుకొనెను. 1794 చివర ఫ్రాన్సుతో యుద్ధము మాని సంధికి ప్రయత్నింపవలెనని పిట్టునకే యెదురుగా నిలిచెను. పిట్టు మిక్కిలి నొచ్చుకొనెను. కొంతకాలము వారి స్నేహమునకు అంతరాయము కలిగెను. మంత్రిపదవి ఆయనకు జీవితమంతయు రాలేదు, ఆయన దానిని వెదకనులేదు.

ఇక ఆయన పేరు నిలిపిన పనిని గూర్చి చెప్పవలెను. ఇంగ్లాండు ఓడలు బట్టలు, తుపాకులు, సారాయి మొదలగువానిని ఆఫ్రికా తీరమునకు కొనిపోయి, వానికి మారుగా పురుషులను, స్త్రీలను, బిడ్డలను కొని, అట్లాంటికు సముద్రము దాటించి వెస్టిండీసు దీవుల చెరకుతోటల యజమానులకు అమ్మి, ఆ సొమ్ముతో చక్కెర మొదలగు సరకులు నింపుకొని ఇంటికి వచ్చుచుండెను. బ్రిటిషు ఓడలు మొత్తము మీద ముప్పది లక్షలకు పైగా ఆఫ్రికావారిని ఇట్లు మోసికొని పోయెనని చరిత్రకారులు లెక్కించిరి. బ్రూక్సు అను ఓడలో బానిసలను పరుండబెట్టు విధమును చూపు పటము నొకదానిని 1788లో ముద్రించిరి. అందు నాలుగువందల యేబదిమందికి పైగా మనుష్యులు సరకు మూటలవలె పక్కపక్కనే పేర్చబడియుందురు. అది క్రొత్త శాసనము అనుమతించిన లెక్క. అంతకుమునుపు అదే ఓడ ఆరువందలమందిని గూడ మోసెను. 1781లో జాంగు అను ఓడ యధికారులు నూటముప్పదిమందికి పైగా బానిసలను ప్రాణములతో సముద్రమున పడవేయించి, పోయిన సరకునకు ఇన్సూరెన్సు సొమ్ము ఇప్పించుడని న్యాయస్థానమునకు పోయిరి. ఆ వ్యాజ్యెమున విచారించినది హత్యను గూర్చి గాదు, సొమ్మును గూర్చియే.

ఇంత ఘోరమును క్రైస్తవ దేశమెట్లు సహించెనని విద్యార్థులడుగుదురు. సహించుట మాత్రమే గాదు, లాభమును పంచుకొనెను. సువార్త వ్యాపకమునకై స్థాపింపబడిన సంఘమొకటి బార్బడోసు దీవిలో బానిసలతో కూడిన చెరకుతోటలకు యజమానిగా నుండెను. ఈ సంగతిని మిషను పత్రికలో వ్రాయుట మాకు కష్టముగ నున్నను, దాచుట మరియు కష్టము.

1787 మే నెలలో లండనులో పండ్రెండుగురు కలిసి ఈ వ్యాపారమును మాన్పించుటకొక సంఘము నేర్పరచిరి. వారిలో తొమ్మండుగురు క్వేకరులు. క్వేకరులు ప్రమాణము చేయరు గనుక ఆ కాలమున పార్లమెంటులో కూర్చుండుటకు వీలులేదు. కావున సభలో మాటలాడుటకు వారికి విల్బర్‌ఫోర్సు కావలసివచ్చెను. సమాచారమును కూర్చినవాడు తామసు క్లార్క్‌సను. అతడు గుఱ్ఱముమీద వేలకొలది మైళ్లు తిరిగి, రేవులలో నావికులను ప్రశ్నించి, సంకెళ్లను, బొటనవ్రేళ్లను నలుపు మరలను కొని తెచ్చి సాక్ష్యముగా చూపెను. బానిసగా నుండి విడుదల పొందిన ఒలౌడా ఈక్వియానో తన జీవితచరిత్రను 1789లో ప్రకటించి ఊరూరను తిరిగి ప్రసంగించెను. విల్బర్‌ఫోర్సు ఒక్కడే ఈ కార్యమును సాధించెనని పూర్వపు పుస్తకములు వ్రాయుట న్యాయము కాదు.

1788లో ఆయనకు ప్రాణాంతకమగు జబ్బు చేసెను. వైద్యులు నల్లమందు నిచ్చిరి. ఆ కాలమున అదియొక సాధారణ ఔషధము. దానిని కొద్ది మోతాదులో జీవితాంతము పుచ్చుకొనవలసి వచ్చెను. కన్నులును మందగించెను. ఆయన బదులు ఆ సంవత్సరము పిట్టే తీర్మానము తెచ్చెను. 1789 మే 12వ తేదీన విల్బర్‌ఫోర్సు స్వయముగా లేచి మూడు గంటలకు పైగా ప్రసంగించెను. లివర్‌పూలు వర్తకులను ఆయన తిట్టలేదు. ఈ నేరము పార్లమెంటంతటిదనియు, తానును అందులో పాలివాడననియు ముందుగా నొప్పుకొనెను. ఎదుటివారు సాక్ష్యము కావలెననిరి. సాక్ష్యము విచారించుటలోనే రెండు సంవత్సరములు గడచెను. 1790 శీతకాలమున ఆయనయు, ఒక మిత్రుడును పల్లెలోని యొక స్నేహితుని యింట చేరి, దినమునకు తొమ్మిది గంటల చొప్పున కూర్చుండి వేయి పుటలకు మించిన సాక్ష్యమును చదివి సంగ్రహించిరి. మేమీ చరిత్రలో మిక్కిలి మెచ్చుకొనునది ఈ శ్రమయే. ప్రార్థించువాడు లెక్కలు చూడనక్కరలేదని ఆయన యెన్నడును తలంపలేదు.

1791 ఏప్రిలులో వోట్లు లెక్కింపగా అనుకూలురు 88, ప్రతికూలురు 163. ప్రజలు ఊరకుండలేదు. లక్షలకొలది కుటుంబీకులు వెస్టిండీసు చక్కెర మానివేసిరి. 1792లో అయిదువందలకు పైగా మహజర్లు పార్లమెంటునకు చేరెను. అప్పుడు డండాసు అను మంత్రి లేచి ఈ వ్యాపారమును మాన్పవలసినదే గాని క్రమక్రమముగా మాన్పవలెనని యొక మాట చేర్చెను. ఆ మాటతో తీర్మానము 230 వోట్లకు 85 వోట్లుగా నెగ్గెను, కార్యము మాత్రము చెడెను. తరువాత ఫ్రాన్సుతో యుద్ధము వచ్చెను. సంస్కరణమను మాట యెత్తినవాడు రాజద్రోహియని యనుమానింపబడెను. 1796లో బిల్లు మూడవ పఠనమున 74 వోట్లకు 70గా ఓడిపోయెను. నాడు తప్పక నెగ్గవలసినది. అనుకూలురలో కొందరు పల్లెలకు పోయియుండిరి, కొందరొక క్రొత్త సంగీత నాటకము చూడబోయిరట! ఆయన బెంగతో మంచము పట్టెను. 1804లో సామాన్యుల సభలో నెగ్గినను ప్రభువుల సభవారు వాయిదా వేసిరి. 1805లో 77 వోట్లకు 70గా మరల నోటమి.

ఈ నడుమ ఆయన వివాహమాడెను. 1797లో బార్బరా స్పూనరును పెండ్లాడగా ఆరుగురు బిడ్డలు కలిగిరి. లండను సమీపమున క్లాపం అనుచోట ఒకే మనస్సుగల మిత్రులు దగ్గరదగ్గరగా కాపురముండిరి. హెన్రీ థారన్‌టను బ్యాంకు యజమాని. జేమ్సు స్టీఫెను న్యాయవాది. చార్లెసు గ్రాంటు, జాను షోరు అనువారు ఈస్టిండియా కంపెనీ యుద్యోగములు చేసి వచ్చినవారు. జెకరీ మెకాలే అంకెల నన్నింటిని జ్ఞాపకముంచుకొను అద్భుతమైన మనుష్యుడు. ఇతని కుమారుడే, 1835లో మన దేశపు విద్యను గూర్చి వ్రాసిన మెకాలే.

అయితే కార్యసాధనకు క్లాపం భక్తులు చాలకుండిరి. సభలో వారికి బలమైన తోడు చార్లెసు జేమ్సు ఫాక్సు. ఇతడు జూదరి, త్రాగుబోతు, పిట్టునకు గట్టి విరోధి. అయినను బానిస వ్యాపారమును గూర్చి ఒక్కనాడైనను తడబడలేదు. తమవలె ప్రార్థించువారితో తప్ప కలిసి పనిచేయమని విల్బర్‌ఫోర్సు మిత్రులు పట్టుబట్టియుండినచో ఆ వ్యాపారము మరి యెన్ని సంవత్సరములు సాగియుండెడిదో!

1806 జనవరిలో పిట్టు మరణించెను. గ్రెన్‌విలు ప్రధానియు, ఫాక్సు మంత్రియు నైరి. అప్పుడు స్టీఫెను ఒక యుపాయము పన్నెను. శత్రుదేశముల వలసలకు బ్రిటిషువారు బానిసలను చేరవేయరాదని యొక బిల్లు తెచ్చిరి. ఇది యుద్ధోపాయముగా కనబడెను గాని, నిజమునకు వ్యాపారములో పెద్ద భాగమును కొట్టివేయునది. ఇందులో తన చేయి కనబడినచో ప్రతికూలురు మేల్కొందురని విల్బర్‌ఫోర్సు కావలెననియే మౌనము వహించెను. బిల్లు నెగ్గెను. అంత గొప్ప వక్తకు నోరు మూసికొనుట ప్రసంగించుటకంటె కష్టమైయుండును. ఇది కపటము కాదా యని మా విద్యార్థి యొకడడిగెను. బిల్లులోని ప్రతి మాటయు అందరి యెదుట ముద్రింపబడియుండెను, ఆయన అబద్ధమాడలేదు. అయినను ఆ ప్రశ్న అడుగదగినదే.

1807లో గ్రెన్‌విలు పూర్తి నిషేధపు బిల్లును మొదట ప్రభువుల సభలోనే తెచ్చి నెగ్గించెను. ఫిబ్రవరి 23వ తేదీ రాత్రి సామాన్యుల సభలో చర్చ జరిగెను. సర్కారు న్యాయవాది శామ్యూలు రొమిలీ, చక్రవర్తియగు నెపోలియను ఆ రాత్రి నిద్రపోవు విధమునకును, విల్బర్‌ఫోర్సు ఇల్లు చేరి పండుకొను విధమునకును గల భేదమును వర్ణింపగా సభ్యులు లేచి హర్షధ్వానములు చేసిరి. విల్బర్‌ఫోర్సు తల వంచుకొని కన్నీరు కార్చెను. వోట్లు 283కు 16. మార్చి 25వ తేదీన రాజు సమ్మతితో అది శాసనమయ్యెను. మొదటి ప్రసంగము నాటికి ముప్పదియేండ్లు నిండని ఆయనకు అప్పటికి నలుబదియేడు దాటెను. ఆ యేటనే యార్కుషైరులో జరిగిన యెన్నికలో ప్రత్యర్థులిరువురు కలిసి లక్షలకొలది సొమ్ము వెదజల్లిరి. ఆయన వ్యయమును స్నేహితులు చందాలు వేసికొని భరించిరి. అందరికంటె నెక్కువ వోట్లు ఆయనకే వచ్చెను. 1780లో రెండు గినీల చొప్పున చెల్లించిన యువకుడితడే.

మన దేశముతోను ఆయనకు సంబంధము కలదు. ఆ కాలమున కంపెనీవారు తమ రాజ్యమునకు మిషనరీలను రానిచ్చుట కిష్టపడకుండిరి. 1793లో కంపెనీ సనదు క్రొత్తచేయునప్పుడు, బోధకులను, ఉపాధ్యాయులను పంపుటకు వీలు కలుగజేయవలెనని ఆయన ప్రయత్నించి ఓడిపోయెను. ఆ యేటనే విలియం కేరీ అనుమతిపత్రము లేక డేనిషు ఓడలో కలకత్తా చేరెను. 1813లో మరల సనదు చర్చకు రాగా ఎనిమిదివందలకు పైగా మహజర్లు వచ్చెను. ఈసారి 89 వోట్లకు 36గా నెగ్గెను. భారతీయుల విద్యకై ఏటేట లక్ష రూపాయలు వేరుగ నుంచవలెనను నిబంధనయు ఆ శాసనముననే కలదు. లండను మిషను వారగు క్రానుగారును, డెగ్రాంజిగారును 1805లోనే విశాఖపట్టణమునకు వచ్చియుండిరి; 1841లో ఫాక్సు, నోబిలు దొరలు బందరు చేరిరి. వీరిని పంపిన చర్చి మిషనరీ సంఘమును 1799లో స్థాపించినవారిలో విల్బర్‌ఫోర్సు ఒకడు. అయితే ఆ చర్చలో ఆయన మన పూర్వుల మతమును, నడవడిని గూర్చి పలికిన మాటలు కఠినమైనవి. ఆయన మన దేశమును చూడలేదు. ఇతరుల జాబులను, నివేదికలను నమ్మెను. బానిసల విషయమున అంత శ్రద్ధతో ఉభయపక్షముల సాక్ష్యము వెదకినవాడు, ఈ విషయమున అట్లు చేయకపోవుట శోచనీయము.

ఇంతకంటె పెద్ద కొరత స్వదేశపు కూలివారి విషయమున కనబడును. ఫ్రాన్సు విప్లవమునకు భయపడి, సభలు కూడుటను, పనివారు సంఘములుగా చేరుటను అణచు శాసనములకు ఆయన వోటు చేసెను. 1819లో మాంచెస్టరులో సభకు కూడిన ప్రజలను గుఱ్ఱపురౌతులు నరికి త్రొక్కినప్పుడు గూడ ప్రభుత్వము పక్షముననే నిలిచెను. దూరముననున్న నల్లవారికై యేడ్చువాడు తన వాకిటి తెల్లవారి యాకలి చూడడని విలియం కాబెట్టు మొదలగువారు దెప్పిరి. అతిశయోక్తియైనను ఇందు కొంత నిజము లేకపోలేదు. రోమను కాథలికులకు పార్లమెంటులో స్థానమియ్యరాదని మొదట వాదించి, 1813నుండి ఆ యభిప్రాయమును మార్చుకొనెను. స్త్రీలు సంఘములుగా నేర్పడి బానిసత్వమునకు విరోధముగ ఇల్లిల్లు తిరుగుట ఆయనకు నచ్చలేదు. స్త్రీలాయన మాట లక్ష్యపెట్టక తిరుగుచునే యుండిరి; 1833లో లక్షా యెనుబదివేలకు పైగా చేవ్రాళ్లుగల వారి మహజరును నలుగురు సభ్యులు కలిసి సభలోనికి మోసికొని రావలసివచ్చెను.

బిడ్డలతో గడపుటకు కాలము కావలెనని 1812లో యార్కుషైరును విడిచి, బ్రాంబరు అను చిన్న నియోజకవర్గమునుండి సభలో కూర్చుండెను. 1825లో దానిని గూడ విడిచెను. వ్యాపారము నిలిచినను దీవులలో బానిసత్వము నిలువలేదు గనుక 1823లో క్రొత్త సంఘమేర్పడెను. సభలో ఆ భారమును తామసు ఫావెలు బక్‌స్టనునకు అప్పగించెను. పెద్దకుమారుడు పాలవ్యాపారములో చెడిపోగా ఆ యప్పులు తానే తీర్చి, ఇల్లు విడిచి, బోధకులైన ఇరువురు కుమారుల యిండ్లలో వంతులుగా కాలము గడపెను. మిత్రులు సొమ్మిచ్చెదమన్నను పుచ్చుకొనలేదు.

జమైకాలో 1831 డిసెంబరున బానిసలు తిరుగబడిరి. వారి నాయకుడు శామ్యూలు షార్పు బాప్టిస్టు సంఘపు డీకను. 1832లో అతనిని ఉరితీసిరి. ఈ తిరుగుబాటు లండనులోని పెద్దలను ఏ ప్రసంగముకంటెను ఎక్కువగా కదలించెను. విల్బర్‌ఫోర్సునకు వోటు కలదు, షార్పునకు లేదు; ఇరువురును ఒకే పరిశుద్ధగ్రంథమును చదివినవారు.

1833 జూలై 26వ తేదీన, బానిసత్వ నిర్మూలనపు బిల్లు సామాన్యుల సభలో నెగ్గుట నిశ్చయమని లండనులో మంచము పట్టియున్న విల్బర్‌ఫోర్సునకు తెలిపిరి. మూడవ దినమున, అనగా 29వ తేదీన, ఆయన మరణించెను. వెస్టుమినిస్టరు ఆలయములో పిట్టు సమాధికి దగ్గరగా పాతిపెట్టిరి. 1834 ఆగస్టు 1వ తేదీన శాసనము అమలులోనికి వచ్చి సుమారు ఎనిమిది లక్షలమందికి వర్తించెను. యజమానులకు నష్టపరిహారముగా రెండు కోట్ల పౌనులిచ్చిరి. అందుకై చేసిన యప్పు 2015 వరకు పూర్తిగా తీరలేదు. బానిసలకు ఒక్క పెన్నీయైనను ఇయ్యలేదు. పైగా 1838 వరకు శిక్షణయను పేరుతో పాత యజమానులకే పనిచేయవలసి వచ్చెను. కంపెనీ పాలించు మన దేశమునకు ఆ శాసనము వర్తింపలేదు. ఇచ్చట బానిసత్వమును చట్టము గుర్తింపకుండ చేసినది 1843 నాటి అయిదవ ఆక్టు.

తోటలకు కూలివారు కావలసి, యజమానుల చూపు భారతదేశముమీద పడెను. 1834నుండి ఒడంబడిక కూలీలను మారిషసునకు ఓడలలో కొనిపోయిరి. కోరంగి రేవునుండి పోయిన తెలుగువారును వారిలో నుండిరి. వారి సంతతివారు ఆ దీవిలో నేటికిని ఉగాది జరుపుకొనుచున్నారు. ఆ కూలి యెగుమతి 1917లో గాని ఆగలేదు. దానిని మాన్పించుటకు గోఖలేగారు శాసనసభలో పోరాడగా, ఢిల్లీ సెంటు స్టీఫెన్సు కళాశాలలో ఉపాధ్యాయుడుగా నుండిన సి. ఎఫ్. ఆండ్రూసుగారు ఫిజీ దీవులకు పోయి కూలివారి స్థితిని కన్నులార చూచి వచ్చి సాక్ష్యమిచ్చిరి. ఆయన చరిత్ర వేరుగ వ్రాయదగినది.